తొమ్మిది మంది పిల్లల బరువు

సరస్వతీ పూజ మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం, స్కూలు వ్యానులోంచి కూతుర్ని దించుకుంటూ అరుంధతీ దీదీ సుజనతో ఒక మాట అంది. మెత్తగానే అంది, భుజం మీద చెయ్యి వేసి మరీ అంది.

"ఏమీ అనుకోకు సుజనా. అమ్మలందరం మాట్లాడుకున్నాం. ఒకటో తారీకు నుంచి పిల్లల్ని సునీల్‌కుమార్ బండిలో పంపుదామని ఉంది."

సుజన చేతిలో ఇంకో పిల్లవాడి సంచి ఉంది. అది పట్టుకునే నిలబడిపోయింది. నాలుగేళ్ళుగా కలకత్తాలోని మెటియాబ్రుజ్ సందుల్లో తొమ్మిది మంది పిల్లల్ని గుమ్మం గుమ్మం దగ్గరా ఎక్కించుకుని, స్కూలు గేటు దగ్గర దించి, మధ్యాహ్నం మళ్ళీ ఏ గుమ్మంలో పిల్లని ఆ గుమ్మంలో అప్పజెప్పే మనిషి. ఎవరిని కిటికీ పక్కన కూర్చోబెడితే వాంతి రాదో, ఎవరి సీసా మూత బిగించకపోతే నీళ్ళు కారతాయో అన్నీ ఆమెకి తెలుసు.

"నా తప్పేమైనా ఉందా దీదీ?"

"నీ తప్పు కాదు, నీ లైట్ల తప్పు. ఈ పొగమంచులో, ఇంకా తెల్లారకుండా, నీ బండి వస్తుంటే ఎవరో లాంతరు పట్టుకుని నడిచొస్తున్నట్టుంటుంది. ఆ సునీల్‌కుమార్ బండి చూడు, వీధి వీధంతా తెల్లారిపోతుంది."

నిజమే, తెల్లారిపోతుంది. ఎదురుగా వచ్చేవాళ్ళకి మాత్రం చీకటి పడిపోతుంది. రోజూ ఓడలాగే డాకు గోడ మలుపులో ఆ తెల్ల లైట్లు మొహాన కొట్టగానే సుజన బ్రేకు మీద కాలేసి, కళ్ళ ముందు మెరుపులు తగ్గేదాకా ఆగిపోతుంది. ఆగినందుకు ఆమె పిరికిదైంది, ఆగేలా చేసినవాడు గట్టి డ్రైవరయ్యాడు. ఇదెక్కడి న్యాయమండీ! కానీ ఆ మాట గుమ్మంలో నిలబడి చెబితే పోటీవాడి మీద చాడీ చెప్పినట్టుంటుంది. సుజన చెప్పలేదు.

"మంగళవారం దాకా ఆగండి దీదీ. లైట్లు మారుస్తాను."

"సరే. మంగళవారం సాయంత్రం నేనే వచ్చి చెబుతాను," అని అరుంధతీ దీదీ కూతురు బుబ్లీ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి మావగారు గురువులు వరండాలో గ్యాసు పొయ్యి విప్పి కూర్చున్నాడు. డాకులో క్రేన్లకి కరెంటు పని చేసి మూడేళ్ళ కిందట రిటైరైన మనిషి. అప్పటినుంచి ఆయన చేతులకి పని చాలడం లేదు. ఆ ఇంట్లో చెడిపోని వస్తువులు కూడా ఆయన్ని చూస్తే భయపడాలి. అత్త కాసులమ్మ పక్కనే కూర్చుని, "బాగున్న పొయ్యిని ఎందుకు ఇప్పీసినావు? సాయంత్రం వొండుకోవా?" అని సణుగుతోంది.

సుజన జరిగింది చెప్పింది. చెప్పి, "రేపు ఎల్‌ఈడీ బల్బులు ఎట్టించేస్తాను మావయ్యా. దుకాణంలో అడిగొచ్చాను, అయిదు నిమిషాల పనంట," అంది.

గురువులు చేతిలో బర్నరు కింద పెట్టాడు.

"వొద్దమ్మా. నీ బండి లైటు గిన్నె మామూలు బల్బు కోసం సేసింది. దాన్లో ఆ తెల్లబల్బు ఎడితే ఎలుతురు రోడ్డు మీద పడదు, ఎటు పడితే అటు సిమ్ముతాది, ఎదరోడి కళ్ళలోకి పోతాది. పోలీసోడు సూస్తే జరిమానా. రేపు సీఎఫ్‌కి తీసుకెలితే బండి ఎనక్కి తిప్పి పంపుతారు."

సీఎఫ్ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని సర్కారు ఇచ్చే కాగితం. అది లేకపోతే పిల్లల్ని ఎక్కించుకునే హక్కే లేదు.

"మరేటి సెయ్యమంటారు? ఉన్నవాటితో నాకే దారి కనపడదు."

"ఉన్నవాటినే కనపడీలాగ సేద్దాం. శనోరం, ఆదోరం బండి నాకొదిలీ."

కాసులమ్మ పొయ్యి వంకా, మొగుడి వంకా చూసింది. "ముందు దీన్ని బిగించీసి మరీ ఎల్లు," అంది.

శనివారం పొద్దున్నే గురువులు వ్యాను వెనక సీట్లు రెండూ ఊడదీసి సందులో గోడ వారగా పెట్టాడు. తీగలు ఆ సీట్ల కింద నుంచే వెళ్తాయి, విప్పక తప్పదు. ఇంకేం, వీధిలో ఆడవాళ్ళకి సోఫా దొరికింది. తవిటమ్మ చిక్కుడుకాయల చేటతో వచ్చి ఒక సీటు ఆక్రమించింది. అప్పలలక్ష్మి, రమాకుమారి రెండోదాని మీద కూలబడ్డారు. అందరూ శ్రీకాకుళం జిల్లా నుంచి డాకు పనులకి వచ్చిన ఇళ్ళవాళ్ళే. సీట్లు మళ్ళీ బిగించేస్తారని వాళ్ళకి ఆ రెండు రోజులూ ఒకటే దిగులు.

గురువులు మీటరు తీసి సుజనని దగ్గరికి పిలిచాడు. "సూడు. బేటరీ కాడ పన్నెండున్నర ఓల్టులు. బల్బు కాడికొచ్చీసరికి పదిన్నర. మద్దిలో రెండు ఓల్టులు ఎవడు తినీసినాడు?"

"ఎవరు మావయ్యా?"

"ఈ సన్న తీగ, ఈ తుప్పు. బల్బుకి కడుపు నిండా కూడెట్టకుండా ఎలుతురీ, ఎలుతురీ అంటే ఏటిస్తాది పాపం?"

కరెంటు నేరుగా బేటరీ నుంచే బల్బుకి అందేలా కొత్త మందపు తీగ లాగాడు, మధ్యలో రిలే అనే చిన్న స్విచ్చు పెట్టాడు. ప్రతి అతుకునీ కాల్చి, గొట్టం తొడిగి, ఎండు రొయ్యల్ని చూసినట్టు కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. లోపల మసకబారిన గిన్నెలు తీసేసి, ఆ బండికని కంపెనీవాడే చేసిన లైట్ల జత, సర్కారు ముద్ర ఉన్నది, ఏరి తెచ్చాడు. దుకాణంవాడు వంద వాట్ల బల్బులు చూపిస్తే, "సట్టం అరవై అంటే అరవయ్యే," అని వాడి చేతిలోనే పెట్టి వచ్చాడు. పనిచేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. రిటైరైన తర్వాత ఆయన రాగం తియ్యడం వినలేదని కాసులమ్మ రమాకుమారితో చెప్పింది.

ఆదివారం పొద్దువాలాక వ్యానుని గోడౌను గోడకి సరిగ్గా పాతికడుగుల దూరంలో నిలబెట్టాడు. లైటు నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద అంత ఎత్తున సుద్దతో గీత గీశాడు. దానికి మూడంగుళాల కింద ఇంకో గీత. డిమ్ము లైటు వెలిగించి, వెలుతురు పైఅంచు కింది గీత మీద కూర్చునేదాకా లైటు వెనక మరలు తిప్పుతూ పోయాడు. చివరికి అది గీత మీద కూర్చుంది. గోడ మీద పిచ్చిక వాలితే కాళ్ళు కూడా కనబడేంత వెలుతురు.

"మావయ్యా!" అంది సుజన. సంతోషం పట్టలేక వంగి ఆయన కాళ్ళు ముట్టుకోబోతే, "లెగు, లెగు, గ్రీజు అంటుకుంటాది," అని వెనక్కి జరిగాడు. మొహం మాత్రం వెలిగిపోయింది.

సీట్లు మర్నాడు చీకటితోనే లేచి బిగించారు.

సోమవారం పొగమంచు దట్టంగా ఉంది. తొమ్మిది మందీ ఎక్కారు. బండి కదిలిన కాసేపటికే ఎదురుగా వచ్చిన ఆటోవాడు లైటు రెండుసార్లు మినుకు మినుకుమనిపించాడు. తర్వాత ఇంకొకడు. కొత్త లైట్లు చూసి కుళ్ళుకుంటున్నారనుకుంది సుజన.

డాకు గోడ మలుపు తిరగగానే ఎదురుగా సైకిలు. ఎవరో ముసలాయన, వెనక పెద్ద బట్టల మూట. ఆయన ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకోవడం సుజనకి స్పష్టంగా కనిపించింది. రెండో చేత్తో సైకిలు నిలవలేదు. ఒరిగి, రోడ్డు పక్క బురదలో పడిపోయాడు.

సుజన బండి ఆపి పరిగెత్తింది. ఆయన లేచి కూర్చున్నాడు. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. మూట విప్పుకుని, కుట్టిన చిన్నపిల్లల గౌనులు బురదలో పరుచుకున్నాయి. సుజన ఒక్కొక్కటే ఏరింది.

"ఏం కాలేదమ్మా. కళ్ళు మూసుకుపోయాయి, అంతే," అన్నాడాయన. వ్యానులో ఏడుస్తున్న పిల్లల వైపు చూసి, "వెళ్ళు, పిల్లలకి ఆలస్యమవుతుంది," అని చెయ్యి ఊపాడు. బండి నంబరు కూడా చూడలేదు.

పిల్లలకి తెలిసిందల్లా ఒక తాత పడ్డాడు, ఆంటీ లేపింది అని. ఎందుకు పడ్డాడో సుజనకొక్కదానికే తెలుసు.

ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పింది. గురువులు అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. చెబుతూ చెబుతూ సుజనకి దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. "ఇంక సునీల్‌కుమార్ లైటుకీ మన లైటుకీ తేడా ఏటి మావయ్యా? వాడు పడగొట్టనోణ్ణి మనం పడగొట్టాం," అనేసింది.

అని, నాలిక్కరుచుకుంది. ఆయన ముద్ద పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుని వ్యాను దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు దాని చుట్టూ తిరిగాడు. వెనక సీట్లోకి ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ఎక్కినప్పుడల్లా బండి వెనక భాగం కిందకి దిగుతోంది. దిగితే ముక్కు పైకి లేస్తోంది. ముక్కు లేస్తే లైటూ లేస్తుంది.

సుజన బయటికొచ్చేసరికి ఆయన సీట్లో తల పట్టుకుని ఉన్నాడు.

"నలభై ఏళ్ళమ్మా. తాడు మార్సిన క్రేనుకి ఇనప దిమ్మలు ఏలాడదీసి సూడకుండా ఏ రోజూ సంతకం ఎట్టనేదు. ఇంటి బండికి వొచ్చీసరికి కాళీగా సూసీసినాను. సీట్లు కూడా నేవు. సీట్ల మీద తవిటమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తంది." ఆయన సీటు మీద అరచెయ్యి ఆనించాడు. "పిల్లల బరువు మర్సిపోనాను."

సుజన ఆయన పక్కన కూర్చుంది. ఇందాకటి మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక, ఆయన చొక్కాకి అంటుకున్న మెతుకు ఒకటి తీసేసింది.

"ఆ ముసలాయన్ని ఎతకాల," అన్నాడు గురువులు.

"వొద్దు మావయ్యా. ఎవరికీ తెలీదు. దీదీకి తెలిస్తే ఒకటో తారీకు దాకా కూడా ఆగరు, రేపట్నించే పిల్లల్ని ఆపేస్తారు."

"తెలీదమ్మా. తెలీకపోతే ఆయన మోచెయ్యి మానిపోతాదేటి?"

ఆయన చెప్పులేసుకున్నాడు. ఆయన్ని ఒంటరిగా పంపడానికి సుజనకి మనసొప్పలేదు. వెనకే నడిచింది.

పిల్లల గౌనులు కుట్టేవాళ్ళ సందు మెటియాబ్రుజ్‌లో ఎవరినడిగినా చెబుతారు. నాలుగో ఇంట్లో దొరికాడు. పేరు కలీముద్దీన్. మోచేతికి పూలపూల గౌను గుడ్డ చుట్టుకుని మిషను తొక్కుతున్నాడు. గురువులు గుమ్మంలోనే నిలబడి, డాకులో నేర్చిన హిందీలో, ఏమీ దాచకుండా చెప్పాడు. లైటు పెట్టింది తనే, ఖాళీ బండికి కొలత చూసింది తనే, కోడలి తప్పు ఏమీ లేదు.

కలీముద్దీన్ మిషను ఆపాడు.

"రోజూ ఎవడో ఒకడు నా కళ్ళు పోగొడుతూనే ఉంటాడు. ఆ తెల్ల లైట్ల బండి ఒకటుంది, అది దూరాన కనబడగానే దిగి పక్కన నిలబడతాను. అందుకే ఇన్నాళ్ళూ పడలేదు. మీ బండి రోజూ నెమ్మదిగా వచ్చేదే కదా అని దిగలేదు." ఆయన నవ్వాడు. "ఇంటికొచ్చి నేనే అని చెప్పినవాడివి మాత్రం నువ్వొక్కడివే భాయ్‌సాబ్. కూర్చో. బాగుచెయ్యడం ఎలా?"

"బరువెక్కించి గోడ మీద మళ్ళీ చూడాలి."

"గోడకేం తెలుస్తుంది? చొక్కా కుట్టి గోడకి తగిలించి చూస్తామా, మనిషికి తొడిగి చూస్తాం. రేపు సాయంత్రం నేనొస్తాను. సైకిలు మీద ఎదురుగా వస్తాను. నా కళ్ళు చెబుతాయి."

ఇంటి దగ్గరికొచ్చాక గురువులు, "మంచోడు," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

మంగళవారం సాయంత్రం సుజన వాళ్ళ సందులో, గోడౌను గోడ ముందు జరిగిన తతంగం చూసి తీరాలి. ఒక్కో పిల్లకి పాతిక కిలోలు, సంచికి నాలుగు చొప్పున, తొమ్మిది మందికి దగ్గర దగ్గర రెండు వందల అరవై కిలోలని గురువులు లెక్క తేల్చాడు. పిల్లలు చదువుకునే వేళ కాబట్టి ఆ బరువుకి ఆడవాళ్ళని పిలిచాడు.

"నీ బరువెంతే తవిటీ?"

"యాబయ్యే బావా."

"యాబయ్యా? అది ఏ యేటి మాటే, పెల్లినాటిదా?" అంది అప్పలలక్ష్మి. సందంతా నవ్వు. గురువులు ఎవరి మాటా నమ్మలేదు. పక్కనే గుడ్డపీలికలు కొనే దుకాణం ఉంది. అక్కడి కాటా మీదికి ఒక్కొక్కరినీ ఎక్కించాడు. తవిటమ్మ అరవై అయిదు తూగింది. "చెప్పులతో తూసినావు, అందుకే," అంది తవిటమ్మ, ఏ మాత్రం తగ్గకుండా. కాసులమ్మతో కలిపి నలుగురూ వ్యాను వెనక ఎక్కారు. ఇంకా నలభై కిలోలు తక్కువ పడింది.

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో అరుంధతీ దీదీ కనిపించింది. ఒంటి మీద శాలువా, చేతిలో సంచి. వ్యాను నిండా ముసిముసి నవ్వుల ఆడవాళ్ళు, గోడ మీద సుద్దగీతలు, సైకిలు పట్టుకుని నిలబడ్డ ముసలి దర్జీ. దీదీ అన్నిటినీ చూసింది.

"ఏమిటిదంతా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కొత్త లైట్లు చూపిస్తే చాలు, ఆవిడ అడిగింది అవే. కానీ కలీముద్దీన్ మోచేతి మీద ఆ పూల గుడ్డ ఇంకా ఉంది.

"నిన్న పొద్దున్న ఈ తాతగారు పడింది నా లైటు వల్లే దీదీ," అంది సుజన. "కొత్తగా పెట్టాం. పిల్లలెక్కితే బండి ముక్కు లేస్తుందని చూసుకోలేదు. ఇప్పుడు సరిచేస్తున్నాం. మీ నిర్ణయం మీది. పిల్లల బండి కాబట్టి మీకు తెలియాలి, అందుకే చెప్పాను."

అరుంధతీ దీదీ మొహంలో ఏమీ తెలియలేదు. కలీముద్దీన్ వైపు తిరిగి బెంగాలీలో అడిగింది. "నిజమేనా?"

"నిజమే. వచ్చి చెప్పారు కూడా."

"మరి ఆ తెల్ల లైట్ల బండి సంగతేమిటి? సునీల్‌కుమార్‌ది?"

"అదొస్తే ముందే దిగి నిలబడతాను దీదీ. దాని డ్రైవరు ఎవరో నాకు తెలియదు. ఎప్పుడూ కనబడలేదు."

దీదీ ఇంకేదో అడగబోయింది. ఈలోగా, ఇవేవీ పట్టని గురువులు లైటు వెనక నుంచి తలెత్తి, "ఆ అమ్మని కూడా ఎక్కమనమ్మా, బరువు సరిపోతాది. ఇరవై ఎక్కువైనా పరవానేదు, పిల్లలు ఎదుగుతారు," అని కేకేశాడు. సుజనకి నేల చీలిపోతే బాగుండుననిపించింది.

"ఏమంటున్నారు?" అంది తెలుగు రాని దీదీ.

"మిమ్మల్ని... కాసేపు వెనక కూర్చోమంటున్నారు దీదీ. బరువు కోసం."

వ్యానులో నవ్వు ఆగిపోయింది. అరుంధతీ దీదీ వ్యానులోకి తొంగి చూసింది. "నా బుబ్లీ ఎక్కడ కూర్చుంటుంది?"

"ఎడమ కిటికీ పక్కన."

అప్పలలక్ష్మి జరిగింది. దీదీ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తల వంచి ఎక్కి, ఎడమ కిటికీ పక్కన సర్దుకుంది.

లైటు వెలిగించగానే గోడ మీద వెలుతురు అంచు గీతకి జానెడు పైన ఉంది. గురువులు ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. మరలు తిప్పాడు. అంచు మెల్లగా, మెల్లగా దిగి గీత మీదికొచ్చింది. తర్వాత సుజన వ్యానుని సందు పొడవునా తిప్పి నిలబెట్టింది. అప్పటికి బాగా మసకపడింది. సందు ఆ చివర నుంచి కలీముద్దీన్ సైకిలెక్కాడు.

మొదటిసారి సగం దూరం వచ్చి కాలు కింద పెట్టాడు. "కుడిది ఇంకా కాస్త గుచ్చుతోంది," అన్నాడు. గురువులు కుడి మర పావు చుట్టు తిప్పాడు. కలీముద్దీన్ మళ్ళీ వెనక్కి వెళ్ళాడు.

రెండోసారి సైకిలు చక్రాలు ముందు వెలుతుర్లోకి వచ్చాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత హేండిలు మీద రెండు చేతులు. ఆ చేతులు కళ్ళ మీదికి లేవలేదు. సైకిలు తొణక్కుండా, బెణక్కుండా సుజన తలుపు పక్కదాకా వచ్చి ఆగింది.

"నిన్ను కూడా చూశానమ్మా, స్టీరింగు వెనక," అన్నాడు కలీముద్దీన్. "ఏడుస్తున్నావు."

సుజన కొంగుతో మొహం తుడుచుకుంది. వెనక్కి తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. వెనక ఎడమ కిటికీ దగ్గర్నుంచి అరుంధతీ దీదీ గొంతు, ఎప్పటిలాగే మెత్తగా.

"రేపు బుబ్లీ లేవడం కాస్త ఆలస్యమవుతుంది సుజనా. హారను రెండుసార్లు కొట్టు. మిగిలిన అమ్మలకి నేను చెబుతాను."

సుజన అలాగేనన్నట్టు తలూపింది. వెనక తవిటమ్మ "హమ్మయ్య" అని కాళ్ళు దింపబోయింది.

"ఎవురూ దిగకండి!" బండి ముందు నుంచి గురువులు కేకేశాడు. "మరలు ఇంకా బిగించనేదు!"

"ఇప్పుడేమంటున్నారు?" అని అడిగింది దీదీ.

"ఇంకాసేపు కూర్చోమంటున్నారు."

"కూర్చుంటాలే," అని అరుంధతీ దీదీ ఒళ్ళో సంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుని, అప్పలలక్ష్మి కొంగులోంచి ఇచ్చిన మరమరాలకి దోసిలి పట్టింది.